హామీ పని డబ్బులు పడలేదు, మంగళవారం కంతు ఆగదు. మీ ఇళ్ళల్లో ఎలా నెట్టుకొస్తున్నారు?

పెన్నాగట్టు | మే 6, 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈరోజు కంతు కట్టి ఇంటికొచ్చినాక మనసు ఉండబట్టలేదు.

మాది అనంతపురం జిల్లా. నేనూ మా అత్తా కరువు పనికి, అదే ఉపాధి హామీ పనికి పోతాం. మా ఆయన బెంగళూరులో సెంట్రింగు పని. ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి ఆఖరు దాకా ఐదు వారాలు ఇద్దరం కందకాలు తవ్వినాం. కొలతలు చూసి లెక్కగట్టినాక ఒక్కొక్కరికి వారానికి 1,560 రూపాయలు రావాల. ఇద్దరికీ ఐదు వారాలకు కలిపి 15,600. ఇంతవరకు ఒక్క రూపాయి పడలేదు.

పోయినేడు పాడి ఆవు కోసం ప్రైవేటు ఫైనాన్సు గ్రూపులో నలభై వేలు అప్పు తీసుకున్నా. వారానికి 870, 52 వారాలు. పాలు పోసినన్నాళ్ళూ కంతు కష్టం కాలేదు. ఇప్పుడు ఆవు చూడితో ఉండాది, పాలు వట్టిపోయినాయి. ఈ నెలలు హామీ డబ్బులతో గట్టెక్కుతామని ముందే అనుకున్నాం. అక్కడే దెబ్బ తగిలింది.

పొద్దున ఏడున్నరకు గంగమ్మ గుడి అరుగు మీద ఎనిమిది మందిమి కూర్చుంటాం. ఒకరిది తక్కువైతే మిగతా ఏడుగురూ లేవకూడదు. ఈరోజు నా వంతు వచ్చేసరికి చేతిలో 570 ఉంది. మూడు వందలు తక్కువ. వసూలుకొచ్చిన పిల్లోడు ఏమీ అనలేదు, ఫోను చూసుకుంటా కూర్చున్నాడు. ఎండ అరుగు మీదికెక్కుతా ఉంది. పక్కనున్న వదిన కొంగు ముడి విప్పి మూడు వందలు తీసి నా చేతిలో పెట్టింది. ఆ డబ్బు వాళ్ళ పాప ఇంటర్ ఫీజుకని దాచిందని నాకు తెలుసు.

మార్చి నుంచి ఇప్పటిదాకా ఏడు కంతులకు మూడు రూపాయల వడ్డీకి ఆరు వేలు తెచ్చినా. ఇంటి ఖర్చుకు నా కమ్మలు తాకట్టు పెట్టి తొమ్మిది వేలు తీసుకున్నాం. ఈ పథకం మొదలైందే మా జిల్లాలో, 2006 ఫిబ్రవరి 2న బండ్లపల్లిలో. అప్పుడు మా అత్త కూడా చూడటానికి పోయింది. మీ పక్క ఎట్లుంది? ఏమన్నా దారి ఉంటే చెప్పండి.

---

బ్యాంకుమిత్ర_నెల్లూరు | మే 6, రాత్రి 10:15

చెల్లెమ్మా, నేను ఊళ్ళో చిన్న బ్యాంకు పాయింటు నడుపుతాను. ముందు రెండు విషయాలు విడివిడిగా చూసుకో.

ఒకటి, డబ్బు అసలు రాలేదా, లేక వేరే ఖాతాకు పోయిందా? 2024 జనవరి 1 నుంచి హామీ కూలి మొత్తం ఆధార్ ఆధారంగానే పడుతోంది. జాబ్ కార్డు మీద ఏ ఖాతా నంబరు రాశారన్నది ఇప్పుడు లెక్కలోకి రాదు. నీ ఆధార్‌ను చివరిసారి ఏ బ్యాంకుకు అనుసంధానం చేశారో అక్కడికే డబ్బు పోతుంది. మా పాయింటుకు వచ్చే పది మందిలో ఒకరిద్దరికి ఇదే తంటా. ఎప్పుడో సిమ్ము కొన్నప్పుడో, ఎవరో ట్యాబు పట్టుకొని ఊరికొచ్చినప్పుడో వేలిముద్ర వేసి ఉంటారు. ఖాతా తెరిచారని కూడా వాళ్ళకు గుర్తుండదు. మై ఆధార్ సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది. ఓటీపీ కొడితే ఏ బ్యాంకో చూపిస్తుంది. అత్తగారిది తప్పకుండా చూడు.

రెండోది, ఖాతా సరిగ్గానే ఉండి డబ్బు రాకపోతే ఫీల్డ్ అసిస్టెంటును "మా మస్టరుకు ఎఫ్‌టీఓ అయిందా, ఏ తేదీన అయింది" అని అడుగు. మస్టరంటే హాజరు పట్టీ, ఎఫ్‌టీఓ అంటే కూలి ఖాతాలో వేయమని మండలం నుంచి పైకి పోయే ఆర్డరు. అయిందంటే మండలంలో పని పూర్తయినట్టే, ఆగింది పైన. కాలేదంటే మండలంలోనే కదలాలి. తేదీ తెలియకుండా ఆఫీసుకు పోతే తిప్పుతారు.

---

కొండవాలు_మేట్ | మే 7, ఉదయం 5:50

నేను పార్వతీపురం మన్యం జిల్లాలో హామీ కూలీల హాజరు తీసే మేటుగా చేస్తన్నాను. ఖాతా దాకా ఎందుకు అక్కా, మాకు హాజరు దగ్గరే పోతంది.

2023 జనవరి నుంచి యాప్‌లోనే హాజరు. పొద్దున ఒక ఫొటో, మధ్యాహ్నం ఒక ఫొటో. మా పని చోట సిగ్నలు ఉండదు. ఫొటో తీసి గెడ్డ దాటి, చింతచెట్ల మెట్ట ఎక్కితే రెండు గీతలు వస్తాయి. అక్కడ నిలబడి ఎక్కిస్తాను. రెండో ఫొటో కోసం పని అయిపోయిన వాళ్ళు కూడా ఎండలో కూర్చుంటారు. బాలింతలు ఇంటికెళ్ళి పిల్లకు పాలిచ్చి మళ్ళీ మెట్ట ఎక్కి వస్తారు. అదీ ఫొటో ఎక్కితేనే. మార్చిలో ఒకరోజు మధ్యాహ్నం ఫొటో ఎక్కలేదు. ఇరవై ఆరు మందికి ఆ రోజు కూలి లేదు. తవ్విన మట్టి గట్టు మీద అలానే ఉంది, చూడొచ్చు. తప్పు నాదే అన్నట్టు వారం రోజులు ఎవరూ నాతో మాట్లాడలేదు. అందులో మా చిన్నమ్మ కూడా ఉంది.

మా వాళ్ళకు గ్రూపు కంతులు తక్కువ, సంత షావుకారు దగ్గర ఖాతా ఎక్కువ. ఉప్పు, నూనె, బియ్యం అరువు తెస్తారు. జీడిపిక్కలు దిగాక షావుకారు చెప్పిన ధరకే ఇవ్వాలి. కూలి రెండు నెలలు ఆలస్యమైతే జీడిపిక్కల ధర కూడా మా చేతిలోంచి పోతంది. దీన్ని ఏ కాగితం మీదా అప్పు అని రాయరు.

---

పెన్నాగట్టు | మే 8, సాయంత్రం 7:05

బ్యాంకుమిత్ర అన్నా, నీకు పుణ్యముంటుంది. చూసినాం. మా అత్త ఆధార్ మేము ఎప్పుడూ వినని ఖాతాకు కట్టేసి ఉండాది. రెండేళ్ళ కింద ఎవరో వచ్చి "పింఛనుకు అవసరం" అని వేలు వేయించుకున్నారంట. అందులో పాత కూలి 2,900 దాకా ఉంది. పోయినేడు పనివి! అప్పుడు మస్టరులో పేరు తప్పిపోయిందని అనుకొని వదిలేసినాం. ఆ డబ్బు ఖాతాలో నిద్రపోతున్నప్పుడే మేము బయట రెండు వేలు వడ్డీకి తెచ్చినాం.

నా ఖాతా సరిగ్గానే ఉంది. ఐదు మస్టర్లకూ ఎఫ్‌టీఓ అయిందని చెప్పినారు. మొదటిది మార్చి 4న. అంటే ఆగింది పైన.

---

పాత_ఆడిటర్ | మే 8, రాత్రి 9:30

కొంచెం కటువుగా అనిపించినా నా మాట చెప్తాను. 2008 నుంచి కొన్నేళ్ళు గ్రామాల్లో హామీ పనుల లెక్కలు సరిచూసే సామాజిక తనిఖీల్లో పనిచేశాను. తనిఖీ కోసమే ప్రత్యేక సంస్థ పెట్టిన మొదటి రాష్ట్రం మనది, 2009లో. చనిపోయినవాళ్ళ పేర్ల మీద మస్టర్లు చూశాను. ఒకే చేతిరాతతో నలభై సంతకాలు చూశాను. పోస్టాఫీసులో డబ్బు తీసుకున్న ముసలమ్మ బయట వేపచెట్టు కింద కూర్చున్న మనిషికి ఇంత అని ఇచ్చి ఇంటికి పోయేది. మేము అడిగితే "ఇయ్యకపోతే రేపు పని ఎవరిస్తారు నాయనా" అనేది. డబ్బు నేరుగా ఖాతాకు రావాలని మేమే పోరాడాం. ఆధార్, ఫొటో అన్నీ తప్పు అంటే నేను ఒప్పుకోలేను.

ఇంకో మాట. కూలి ఆలస్యం అప్పుకు ఒక కారణం, అంతే. వారపు కంతు అప్పు ఎవరు తీసుకోమన్నారు? పొదుపు సంఘంలో బ్యాంకు అప్పు ఉండగా ప్రైవేటు గ్రూపుకు ఎందుకు పోతున్నారు?

---

సంఘం_లెక్కలు | మే 9, మధ్యాహ్నం 2:20

ఆడిటర్ గారూ, మీరు అడిగింది సరైన ప్రశ్నే. పదిహేడేళ్ళుగా ప్రకాశం జిల్లాలో యానిమేటరుగా సంఘాల పుస్తకాలు రాస్తున్నాను. నాకు కనిపించింది చెప్తాను.

ఒక ఇంట్లో మూడు నాలుగు అప్పులుంటాయి. సంఘం ద్వారా బ్యాంకు అప్పు, నెలకోసారి కట్టాలి. స్త్రీనిధి, అంటే సంఘాల పరపతి సంస్థ ఇచ్చే అప్పు, అదీ నెలకోసారే. ప్రైవేటు గ్రూపు అప్పు, వారానికోసారి. చివరగా నోటు మీదో నమ్మకం మీదో తెచ్చే చేబదులు. మొదటి రెంటికీ వడ్డీ తక్కువ, కానీ అవి కావాలంటే సంఘంలో అందరూ కంతులు సక్రమంగా కట్టి ఉండాలి. ఇక్కడే కూలి ఆలస్యం కాటేస్తుంది. ఒక సభ్యురాలికి హామీ డబ్బు రాక సంఘం కంతు తప్పితే సంఘానికే చెడ్డపేరు. ప్రభుత్వం ఇచ్చే సున్నా వడ్డీ రాయితీ రావాలంటే సకాలంలో కట్టాలి గదా. అందుకని మిగతావాళ్ళే ఆమెను "ఎక్కడన్నా తెచ్చి కట్టు" అంటారు. ఆ ఎక్కడన్నా అన్నది ప్రైవేటు గ్రూపు. తక్కువ వడ్డీ అప్పును కాపాడుకోవడానికి ఎక్కువ వడ్డీ అప్పు చేస్తున్నారు. నా పుస్తకంలో కంతు సరిగ్గా కట్టినట్టే ఉంటుంది. ఆ ఇల్లు మునిగిపోతున్నది మాత్రం నా పుస్తకంలో కనపడదు.

2010లో మన దగ్గర జరిగింది మర్చిపోకూడదు. గ్రూపు అప్పులిచ్చే మైక్రోఫైనాన్సు కంపెనీల వారపు వసూళ్ళ ఒత్తిడికి ప్రాణాలు పోయాకే ఆ అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చింది, ఆ తర్వాత చట్టం. నెలకోసారే వసూలు చేయాలి, అది కూడా పంచాయతీ ఆఫీసులాంటి అందరికీ కనపడే చోట చేయాలి అని పెట్టారు. చాలా ఏళ్ళు ఆ కంపెనీలు మా ఊళ్ళల్లో కనపడలేదు. 2022లో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు మన చట్టం వర్తించదని తీర్పిచ్చింది. మళ్ళీ వసూలు బైకులు వస్తున్నాయి.

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి నెల ఆదాయంలో సగానికి మించి కంతులు ఉండకూడదు. మంచిదే. కానీ ఆదాయం రాసేటప్పుడు హామీ కూలిని ప్రతినెలా చేతికందే డబ్బులాగా వేస్తున్నారు. మా వీధిలో ఒకామె ఫారం నేను చదివాను. నెలకు ఆరు వేలు ఉపాధి ఆదాయం అని ఉంది. ఆ నెల ఆమెకు వచ్చింది సున్నా.

---

ఓరుగల్లు_బిడ్డ | మే 10, రాత్రి 8:45

మా తెలంగాణల ఇంకో తిప్పలు గూడ ఉన్నది. భూమి లేని కూలోల్లకు ఏడాదికి 12 వేలు అని ఈ జనవరి 26న ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలువెట్టిన్రు. 2023-24ల కనీసం ఇరవై రోజులు ఉపాధి పని చేసినోల్లకే అని షరతు. మా అవ్వ ఇరవై మూడు రోజులు వోయింది. మస్టర్ల పదిహేడే ఉన్నయి. ఆరు రోజులు ఏమైనయంటే ఎవ్వరు చెప్పరు. ఆరు రోజుల కూలి పోయిందనుకుంటిమి. గిప్పుడు దానెంబడి ఆరు వేల మొదటి కిస్తు గూడ పాయె.

ఆ పైసలు వస్తయని నమ్మి మా నాయిన కిరాణం దుకాణంల బాకీ తీరుస్తనని మాటిచ్చిండు. ఇప్పుడు ఆ తొవ్వ వోతలేడు. సుట్టు తిరిగి వోతుండు. పెద్దమనిషి అట్ల పోతుంటే సూడబుద్ధి కాదు.

---

లెక్కల_మాస్టారు | మే 11, ఉదయం 10:00

ఆలస్యానికి పరిహారం చట్టంలోనే ఉంది. మస్టరు ముగిసిన పదిహేను రోజుల్లో కూలి ఇవ్వాలి. పదహారో రోజు నుంచి రోజుకు 0.05 శాతం చొప్పున కట్టివ్వాలి. పెన్నాగట్టు గారి ఒక వారం కూలి 1,560 మీద లెక్కేశాను. రోజుకు 78 పైసలు. గడువు దాటి నలభై ఐదు రోజులైతే 35 రూపాయల 10 పైసలు. అదే 1,560 బయట నూటికి మూడు చొప్పున తెస్తే నలభై ఐదు రోజులకు వడ్డీ 70 రూపాయల 20 పైసలు. సరిగ్గా రెట్టింపు.

అంటే మన భాషలో ప్రభుత్వం కూలీ దగ్గర నూటికి రూపాయిన్నర వడ్డీకి అప్పు తీసుకుంటోంది. ఆ కూలీ మూడు రూపాయలకు తెచ్చుకొని బతకాలి. పైగా ఆ రూపాయిన్నరయినా అందరికీ అందడం లేదు. చాలాకాలం పరిహారాన్ని ఎఫ్‌టీఓ అయ్యేదాకా జరిగిన ఆలస్యానికే లెక్కకట్టేవారు. ఎఫ్‌టీఓ తర్వాత పైన ఆగిన రోజులు లెక్కలోకి వచ్చేవి కావు. ఆ రోజులకూ పరిహారం ఇవ్వాల్సిందేనని 2018 మేలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీ ఖాతాలో ఎప్పుడైనా ఆలస్య పరిహారం అని విడిగా పడిందా? ఇక్కడ ఎవరికైనా పడి ఉంటే దయచేసి రాయండి, నేను చూడాలి.

---

కొండవాలు_మేట్ | మే 11, ఉదయం 11:30

నా మస్టర్లలో ఎవరికీ పడలేదు మాస్టారూ. అలాంటిది ఉందని ఈరోజే తెలిసింది.

---

బ్యాంకుమిత్ర_నెల్లూరు | మే 11, మధ్యాహ్నం 12:10

నేను రోజూ పాసు పుస్తకాలు ముద్రించి ఇస్తాను. ఒక్కటి కూడా చూడలేదు.

---

లెస్టర్_నుంచి | మే 12, తెల్లవారుజాము 3:15

నేను ఇంగ్లండులో అప్పుల సలహా కేంద్రంలో వారానికి రెండు పూటలు స్వచ్ఛందంగా కూర్చుంటాను. ఇది చదువుతుంటే ఊరు వేరైనా బాధ ఒకటే అనిపించింది. ఇక్కడ ఆరు రకాల ప్రభుత్వ సాయాలను కలిపి యూనివర్సల్ క్రెడిట్ అని ఒకటే చేశారు. అర్జీ పెట్టాక మొదటి డబ్బుకు ఐదు వారాలు ఆగాలి. ఆగలేనివాళ్ళకు అడ్వాన్సు ఇస్తారు, అది కూడా అప్పే. తర్వాత నెలనెలా కోసుకుంటారు. పాత బాకీలు కూడా కలిపి నెల భత్యంలో నాలుగో వంతు దాకా కోసేవారు. ఈ ఏప్రిల్ నుంచి ఆ పరిమితిని 15 శాతానికి తగ్గించారు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది అద్దె బాకీ మొదలైంది ఆ మొదటి ఐదు వారాల్లోనే అంటారు.

---

సంఘం_లెక్కలు | మే 12, ఉదయం 9:40

మన దగ్గర ఆ అడ్వాన్సు కూడా లేదు తమ్ముడూ. అయితే మా మండల సమాఖ్యలో ఒకసారి అనుకున్నాం, ఎఫ్‌టీఓ కాగితం చూపించిన సభ్యురాలికి గ్రామ సంఘం నిధి నుంచి కూలి వచ్చేదాకా రూపాయి వడ్డీకి చేబదులు ఇద్దామని. నాలుగు నెలలు నడిపాం. ఆ తర్వాత కూలి మూడు నెలలు రాకపోయేసరికి మా నిధే ఖాళీ అయింది.

---

మామ్మ_మనవడు | మే 13, రాత్రి 10:20

మాది బాపట్ల వైపు. మా ఇంట్లో తేదీ తప్పకుండా వచ్చే డబ్బు ఒక్కటే, మా మామ్మ వితంతు పింఛను. పోయిన జూలై నుంచి నాలుగు వేలు. ఒకటో తేదీ తెల్లారేసరికి సచివాలయం వాళ్ళు గుమ్మంలోకొచ్చి ఇచ్చి వెళ్తారు. అది సెలవు రోజైతే ముందురోజే ఇస్తారు. అందుకే మా అమ్మ కొత్తగా తీసుకునే ప్రతి కంతునూ నెల మొదటి వారంలో పడేలా అడిగి పెట్టించుకుంటుంది. హామీ కూలి దానికంటే ఎక్కువే వస్తుంది మాకు, కానీ దాన్ని నమ్మి ఎవరికీ మాటివ్వలేం.

నాకు బాధనిపించేది ఏంటంటే, ఆ నాలుగు వేలు మామ్మ మందులకీ, ఆవిడ నోటికి ఇష్టమైన దానికీ అని ఇచ్చేది. ఆవిడ చేతిలో రెండు వందలు మిగులుతున్నాయి. "నాకెందుకురా, కంతు కట్టండి" అంటుంది. మోకాళ్ళ నొప్పుల మందు మూడు నెలల నుంచి కొనలేదని మొన్నే తెలిసింది. ఖాళీ అట్టలు దిండు కింద దాచిపెట్టింది, మేం చూసి బాధపడతామని.

---

పాత_ఆడిటర్ | మే 14, రాత్రి 9:00

యానిమేటరు గారి పోస్టు మూడుసార్లు చదివాను. ప్రైవేటు గ్రూపుకు ఎందుకు పోతారన్న నా ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ మాట అన్నందుకు పెన్నాగట్టు అమ్మాయి నొచ్చుకొని ఉంటే క్షమించాలి.

దొంగ మస్టర్ల విషయంలో నా అభిప్రాయం మారలేదు. కానీ ఒకటి గమనించాను. ఇన్ని మార్పుల్లో ప్రతిదీ కూలీ నిజమైనవాడా కాదా అని పరీక్షించేదే. వేలిముద్ర, రెండు ఫొటోలు, ఆధార్ అనుసంధానం. వీటికి తోడు 2021లో ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని ఒకే మస్టరును మూడు బిల్లులుగా విడగొట్టారు. పక్కపక్కన తవ్విన ఇద్దరికి వేర్వేరు నెలల్లో కూలి పడి ఊళ్ళో లేనిపోని అనుమానాలు పుట్టాయి. చెల్లించే వైపు సమయానికి చెల్లించిందా అని పరీక్షించే యంత్రం మాత్రం ఒక్కటీ రాలేదు. మేము తనిఖీల్లో డబ్బు ఎవరికి పోయిందని అడిగాం. ఆ డబ్బు రాని రోజుల్లో ఇల్లు ఎలా గడిచిందని ఏ ఫారంలోనూ అడగలేదు. ఇప్పటికీ తనిఖీలకు వెళ్ళే పిల్లలు నాకు తెలుసు. వచ్చే గ్రామసభలో మస్టరు తేదీ, కూలి పడిన తేదీ, మధ్యలో తెచ్చిన అప్పు, ఈ మూడూ ప్రతి ఇంటికీ రాయమని చెప్తాను. గ్రామసభలో చదివి మినిట్స్‌లో ఎక్కిస్తే అది రికార్డే.

---

లెక్కల_మాస్టారు | మే 15, ఉదయం 7:30

ఆ మూడు గడుల కాగితం నేను తయారు చేస్తాను ఆడిటర్ గారూ. పరిహారం గడి కూడా కలుపుతాను. ఆదివారానికి ఇక్కడ పెడతా.

---

పెన్నాగట్టు | జూన్ 3, రాత్రి 9:10

ఆడిటర్ అన్నా, నేనేం నొచ్చుకోలేదు. మా అత్తా అదే మాట అంటుంది, అప్పు చేసేముందు ఆలోచించాల అని.

మొన్న 29న మొదటి రెండు వారాల కూలి పడింది. ఇద్దరికీ కలిపి 6,240. అత్త ఆధార్ మళ్ళీ ఆమె సొంత ఖాతాకు మార్పించినాం కాబట్టి ఆమెవి కూడా చేతికొచ్చినాయి. ఆలస్య పరిహారం ఏమీ లేదు మాస్టారూ, పాసు పుస్తకం రెండుసార్లు చూసినా.

వదినకు మూడు వందలు ముందు ఇచ్చినా. వద్దంది, పాప పుస్తకంలో పెట్టి వచ్చేసినా. మూడు రూపాయల అప్పులో మూడు వేలు అసలు, రెండు నెలల వడ్డీ 360 కట్టినా. ఈరోజు కంతు 870. కమ్మలకు వడ్డీ మాత్రం కట్టి గడువు పొడిగించుకున్నాం. ఆవుకు దాణా బస్తా తెచ్చినాం, ఈనే నెల దగ్గరికొస్తా ఉంది, ఇప్పుడు మేపకపోతే పాలు దిగవు. చేతిలో నాలుగు వందల దాకా మిగిలింది.

మాస్టారు పెట్టిన కాగితం జెరాక్సు తీయించి మా ఎనిమిది మందితో రాయించినా. ముగ్గురికి చదువు రాదు, వాళ్ళవి నేను రాసినా. ఎవరి అప్పు ఎంతో అరుగు మీద ఇన్నేళ్ళు కూర్చున్నా ఒకరికొకరం చెప్పుకోలేదు, ఆ రోజే తెలిసింది. ఏప్రిల్ నుంచి కూలి రేటు 307 అంటున్నారు, ఈ సోమవారం నుంచి మళ్ళీ పనికి పోతున్నాం. మార్చి మస్టర్లు మూడు ఇంకా రావాల. మార్చి రెండో వారం ఎఫ్‌టీఓలకు డబ్బు పడినవాళ్ళు ఎవరన్నా ఉంటే జిల్లా, తేదీ ఇక్కడ రాయండి. మా మండలంలో అడగటానికి పనికొస్తాది.